300 కిలోమీటర్లు దాటేసరికి చేతులు మొద్దుబారాయి, దారిలో మూడు పంచర్లు. దూరపు రైడ్లకి ఏ టైర్లు వేయాలి?

ఎదురుగాలి:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

రోడ్డు సైకిల్ రెండేళ్లుగా తొక్కుతున్నాను. 100, 150 కిలోమీటర్ల దాకా ఏ ఇబ్బందీ లేదు. పోయిన వారం మొదటిసారి 300 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడు) చేశాను, 20 గంటల గడువుంటే 18 గంటల పైనే పట్టింది. కాళ్లు బానే ఉన్నాయి, ఊపిరి బానే ఉంది, దెబ్బతిన్నది చేతులే. 180 దాటాక రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. చివరి యాభై కిలోమీటర్లలో అయితే గేరు మారుద్దామని వేలు పెడితే లివర్ తగిలిందో లేదో కూడా తెలియలేదు. ఇంటికొచ్చాక రెండు రోజుల దాకా చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోలేకపోయాను.

దానికి తోడు మూడు పంచర్లు. మొదటిది పగటిపూట ముందు చక్రానికి, గాజు పెంకు గుచ్చుకుంది, పది నిమిషాల్లో అయిపోయింది. రెండోదీ మూడోదీ చీకట్లో, సన్నగా వాన పడుతుండగా, రెండూ వెనక చక్రానికే, గంట తేడాలో. ఉన్న ఆఖరి ట్యూబు వేస్తున్నప్పుడు ఇది కూడా పోతే ఏం చేయాలన్న టెన్షన్‌తో చేతులు వణికాయి, పంపు వాల్వుకి సరిగ్గా తగిలించడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

వివరాలు: టైర్లు 700×25 (అంటే వెడల్పు 25 మిల్లీమీటర్లు), గాలి రెండింట్లోనూ 110 పీఎస్‌ఐ (టైరు పక్కన గరిష్ఠం 120 అని ఉంది). నా బరువు 78 కిలోలు, సైకిల్ 10, బ్యాగూ నీళ్లూ కలిపి 6. రిమ్ బ్రేకులు, రిమ్ము లోపలి వెడల్పు 17 మిల్లీమీటర్లు. మూడు నెలల్లో 600 చేయాలని ఉంది. టైరు వెడల్పు పెంచాలా, దళసరి పంచర్ పొర ఉన్నవి కొనాలా, ట్యూబ్‌లెస్‌కి మారాలా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు, ఏదీ తేల్చుకోలేకపోతున్నాను.

పాతచక్రం:

ఎదురుగాలి గారూ, మొదటి 300 పూర్తి చేసినందుకు ముందుగా అభినందనలు. కొత్త టైర్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, మీ ఇబ్బందిలో సగం ఆ 110 దగ్గరే ఉంది. టైరు పక్కన ఉండే అంకె ఇంతకు మించి కొట్టొద్దని పెట్టిన హద్దు. దాని దగ్గరదాకా కొట్టాలని ఎక్కడా లేదు.

గాలి గట్టిగా కొడితే సైకిల్ వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది. హ్యాండిల్ అదురుతుంటే మనసు దాన్ని వేగం అనుకుంటుంది, నేను కూడా ఏళ్ల తరబడి అలాగే నమ్మాను. నున్నటి ఉక్కు డ్రమ్ము మీద టైరుని తిప్పి పరీక్షిస్తే గాలి పెంచే కొద్దీ టైరు తక్కువ నలుగుతుంది, నష్టం తగ్గుతుంది, అందులో అబద్ధం లేదు. రోడ్డు మాత్రం డ్రమ్ములా ఉండదు కదా. గరుకు తారు మీద టైరు లొంగకపోతే పైకి తేలిన ప్రతి కంకరకీ సైకిల్‌తో పాటు మీరూ ఒక వెంట్రుకవాసి పైకి లేవాలి. అలా లేపడానికి ఖర్చైన శక్తి చక్రాన్ని ముందుకు తోయదు, మీ చేతుల్లో, భుజాల్లో, నడుములో వేడిగా మారిపోతుంది. ఒక హద్దు దాటాక గాలి పెంచిన కొద్దీ సుఖమూ పోతుంది, వేగమూ పోతుంది.

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కడం అంటే అరచేతి కింద ఆ వైపు నుంచి పోయే అల్నార్ నరం నొక్కుకుపోవడం. హ్యాండిల్ మరీ కిందికి ఉందా, మణికట్టు వంగుతోందా అన్నవి కూడా చూసుకోండి, అయితే 18 గంటల అదురు తగ్గనిదే అవి ఎంత సరిచేసినా పూర్తి ఫలితం రాదు. వారాలు గడిచినా తిమ్మిరి పోకపోతే మాత్రం డాక్టరుకి చూపించండి.

ఇక వెడల్పు. 25 నుంచి 28కి వెళ్తే టైరు లోపల పట్టే గాలి దాదాపు పావు వంతు పెరుగుతుంది. 32 అయితే అరవై శాతానికి పైనే. గాలి ఎక్కువ పట్టే టైరుకి తక్కువ పీడనంతోనే అంత బరువూ మోసే శక్తి ఉంటుంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు: వెడల్పాటి టైరు వేసి పాత అలవాటు కొద్దీ అదే 110 కొడతారు. పీడనం అంతే ఉండి వెడల్పు పెరిగితే టైరు పొర ఇంకా బిగుసుకుంటుంది, అంటే పాతదానికన్నా గట్టిగా తగులుతుంది. తర్వాత వచ్చి 28 వేసినా తేడా ఏమీ లేదండీ అంటారు.

ఎంత కొట్టాలంటే, ఫ్రాంక్ బెర్టో అనే ఆయన చాలా ఏళ్ల క్రితమే టైర్లు కొలిచి, తొక్కే మనిషి కూర్చున్నప్పుడు టైరు ఎత్తు 15 శాతం దిగితే బాగుంటుందని చెప్పాడు. ఇప్పటికీ మొదలుపెట్టడానికి అది మంచి లెక్క. మీ మొత్తం బరువు 94 కిలోలు, అందులో వెనక చక్రం మీద సగానికి కాస్త పైనే పడుతుంది, కాబట్టి రెండు చక్రాలకీ ఒకే గాలి అక్కర్లేదు. 28 టైర్లు వేస్తే వెనక 85, ముందు 72తో మొదలుపెట్టి ప్రతి రైడుకీ మూడేసి తగ్గిస్తూ పోండి. మలుపులో ముందు టైరు మెత్తగా పక్కకి జారుతున్నట్టు అనిపించినా, గుంతలో రిమ్ము నేలకి తగిలిన చప్పుడు వచ్చినా మరీ తగ్గించారని అర్థం, అక్కడి నుంచి ఒక ఐదు పెంచి ఆపండి. ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పాము కాటులా పడితే అది కూడా గాలి తక్కువై రిమ్ము నొక్కేయడం వల్లే.

టైరు మీద గీతలు, డిజైన్లు చూసి కొనకండి. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది, పీడనం ఎక్కువ, వేగం తక్కువ, కాబట్టి కారులా నీటి మీద తేలిపోయే ప్రమాదం దీనికి లేదు. తారు రోడ్డు మీద పట్టు రబ్బరు గుణం వల్ల వస్తుంది, గీతల వల్ల రాదు. సైకిల్ మెకానిక్కు షెల్డన్ బ్రౌన్ బతికున్నన్నాళ్లూ ఈ మాట చెబుతూనే ఉన్నాడు.

రాత్రిబాట:

పాతచక్రం గారు గాలి గురించి రాసింది నేనూ ఒప్పుకుంటాను, పంచర్ల దగ్గర మాత్రం నా అనుభవం వేరు.

నాలుగేళ్ల క్రితం ఒక 400లో రాత్రి రెండింటికి మూడో పంచర్. ఒంటరిగా ఉన్నాను. రేసింగ్ టైరు, రిమ్ము మీద ఎంత బిగుతుగా కూర్చుందంటే ప్లాస్టిక్ లివర్లు రెండూ విరిగిపోయాయి. చలికి వేళ్లు వంగడం లేదు. తెల్లవారేదాకా రోడ్డు పక్కన మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను, వెలుగొచ్చాక ఇంకో రైడరు వచ్చి సాయం చేస్తే తీశాను, అప్పటికి గడువు దాటిపోయింది. ఆ రాత్రి తర్వాత నా లెక్క మారింది. 600కి 40 గంటలు ఇస్తారు, నిద్రకి ఒక మూడు గంటలు మిగుల్చుకోవాలని అందరం పాకులాడతాం. చీకట్లో ఒక్కో పంచరూ అరగంట తింటుంది. రెండు పడితే మీ నిద్రలో మూడో వంతు పోయినట్టే.

అందుకే ష్వాల్బె మారథాన్ ప్లస్ వేశాను. దాని నడుమ 5 మిల్లీమీటర్ల మందాన మెత్తటి రబ్బరు పొర ఉంటుంది, ముల్లు దిగినా ట్యూబు దాకా చేరదు. బరువే, తేలికపాటి రేసింగ్ టైరుకి మూడింతల దాకా ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడూ ఆగి బయల్దేరేటప్పుడూ అది కాళ్లకి తెలుస్తుంది, నేను దాచను. కానీ చీకట్లో గాజుముక్కలు మెరిసినప్పుడల్లా గుండె గుభేలుమనే బాధ పోయింది. ఆ నెమ్మది వల్ల నేను నష్టపోయిన నిమిషాలకన్నా మనశ్శాంతి నాకు ఎక్కువ.

చేతిపని:

మీ రెండో పంచరూ మూడో పంచరూ ఒక్కటే అని నా అనుమానం. గంట తేడాలో, అదే చక్రానికి. గుచ్చుకున్నది టైరులోనే ఉండిపోయింది, మీరు కొత్త ట్యూబు దాని మీదే పెట్టారు.

పెద్ద రోడ్ల అంచున పంచర్లు ఎక్కువగా చేసేది ముళ్లు కాదు, లారీ టైర్లు పగిలినప్పుడు రాలే సన్నటి ఉక్కు తీగలు. వెంట్రుక కన్నా కాస్త లావు, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు. బయటినుంచి చూస్తే కనబడదు. లోపలినుంచి కూడా టైరు మామూలుగా ఉన్నప్పుడు తగలదు, బరువు పడి నలిగినప్పుడే మొన బయటికొచ్చి ట్యూబుని గీరుతుంది. వాన పడితే ఇంకా కష్టం, తడి రబ్బరులోకి మొన నూనె రాసినట్టు దిగిపోతుంది.

నేను చేసేది చెప్తాను. టైరు వేసేటప్పుడే దాని మీది పేరు సరిగ్గా వాల్వు ఎదురుగా వచ్చేట్టు కూర్చోబెడతాను. పంచర్ పడితే ట్యూబు బయటికి తీసి గాలి కొట్టి చిల్లు ఎక్కడుందో చూస్తాను. వాల్వు నుంచి ఎంత దూరమో తెలిస్తే టైరులో దోషి ఎక్కడుందో జానెడు మేరకు తెలిసిపోతుంది (ట్యూబు తిరగేసి పట్టుకున్నారేమో చూసుకోండి, అనుమానముంటే వాల్వుకి రెండు వైపులా వెతకండి). అక్కడ టైరుని లోపలివైపు బయటికి వచ్చేలా వంచి బొటనవేలు మెల్లగా జరపాలి. మెల్లగా అంటే నిజంగానే మెల్లగా, తొందరపడితే వేలు తెగుతుంది. వేళ్లు మొద్దుబారి ఉంటే ఇంత దూది తీసుకుని రుద్దండి, తీగ ఉన్నచోట దూది పోగు చిక్కుకుంటుంది. తీయడానికి కనుబొమ్మలు సరిచేసుకునే చిన్న పట్టకారు చాలు, పంచర్ సామానులో అది లేకుండా నేను బయటికి వెళ్లను. మీ పాత వెనక టైరు పారేయకపోతే ఇప్పుడే వెతికి చూడండి, తీగ ఇంకా అందులోనే ఉండొచ్చు.

పాతచక్రం:

రాత్రిబాట గారూ, ఆ రాత్రి గురించి చదువుతుంటే బాధనిపించింది. మారథాన్ ప్లస్ పంచర్లు ఆపుతుందన్న దానిలో నాకు సందేహం లేదు. ఎదురుగాలి గారి మొదటి ఫిర్యాదు చేతులు కాబట్టి వెనకాడుతున్నాను, అంతే. టైరు పొర ఎంత మందంగా, ఎంత బిరుసుగా ఉంటే గాలి తగ్గించినా అది అంతగా లొంగదు. సుఖం గాలి పరిమాణంలో సగం ఉంటే, టైరు గుడ్డ మెత్తదనంలో మిగతా సగం ఉంది. చేత్తో పట్టుకుని పక్కగోడ నొక్కితేనే తెలిసిపోతుంది, ఒకటి మడత పెట్టిన చొక్కాలా వంగుతుంది, ఇంకోటి చెప్పు అట్టలా నిలబడుతుంది.

నడిమార్గం ఉంది. కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 4 సీజన్ లాంటివి చూడండి: ట్రెడ్ (నేలకి తగిలే రబ్బరు) కింద వెక్ట్రాన్ అనే గట్టి దారపు పొరలు, పక్కగోడలకి రాపిడి తట్టుకునే అల్లిక, అయినా రేసింగ్ టైరుకి దగ్గర్లోనే ఉండే బరువు. గ్రాండ్ ప్రీ 5000 దీనికన్నా మెత్తగా, చురుగ్గా పోతుంది, అందులో కూడా వెక్ట్రాన్ పొర ఉంది, పక్కగోడే పల్చన. నేను చాలాకాలంగా ముందు మెత్తటిదీ, వెనక గట్టిదీ వేస్తున్నాను. చేతులకి తగిలేది ముందు చక్రం. పంచర్లు ఎక్కువ పడేదీ, తొందరగా అరిగేదీ వెనకది, బరువూ తొక్కే బలమూ దాని మీదే పడతాయి కదా. రెండు చక్రాలకీ ఒకే టైరు ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

కొనేటప్పుడు టీపీఐ అంకె చూసి మోసపోకండి. అంగుళానికి ఎన్ని దారాలన్నది ఆ లెక్క, ఎక్కువైతే సాధారణంగా గుడ్డ సన్నగా, మెత్తగా ఉంటుంది. కానీ కొన్ని కంపెనీలు ఒక పొరకి చెప్తాయి, కొన్ని పొరలన్నీ కలిపి చెప్తాయి. 330 అని ఉన్నది మూడు 110 పొరలు కావచ్చు.

గాలివాటం:

ట్యూబ్‌లెస్ గురించి ఎవరూ చెప్పలేదు, రెండేళ్లుగా వాడుతున్నాను కాబట్టి నేను చెప్తాను. 32 టైర్లు, ముందు 55, వెనక 60. చిన్న చిన్న తీగలూ ముళ్లూ ఎన్ని గుచ్చుకున్నాయో నాకే తెలియదు, ఇంటికొచ్చి చూస్తే లోపల పోసిన సీలెంట్ (చిల్లు మూసే ద్రవం) టైరు మీద తెల్లటి చుక్కలుగా ఆరిపోయి ఉంటుంది. పల్లేరు కాయలు పరుచుకున్న దారిలో వెళ్లి, నాలుగు కాయలు పీకేసి అలాగే తొక్కుకుంటూ వచ్చాను. ట్యూబు లేదు కాబట్టి పాము కాటు పంచరూ లేదు.

అయినా ఎదురుగాలి గారికి ఇప్పుడు మారమని చెప్పను. 28లో 75, 80 పీఎస్‌ఐ ఉన్నప్పుడు చిల్లు పడితే సీలెంట్ గడ్డకట్టే లోపే చిమ్ముకుంటూ బయటికి పోతుంది, గాలి బాగా తగ్గాక గానీ మూసుకోదు. ఈ పద్ధతి వెడల్పాటి టైరుకీ తక్కువ గాలికీ బాగా పనిచేస్తుంది. పైగా మీ రిమ్ములు ట్యూబ్‌లెస్‌కి పనికొస్తాయో లేదో చూడాలి, వాతావరణాన్ని బట్టి రెండు నుంచి ఆరు నెలల్లో సీలెంట్ ఎండిపోతుంది, అది గుర్తుపెట్టుకుని పోసుకుంటూ ఉండాలి. పెద్ద కోత పడితే ప్లగ్ పెట్టడం, అదీ ఆగకపోతే జిగురు కారే టైరులో ట్యూబు దూర్చడం వచ్చి ఉండాలి. 600కి మూడు నెలల ముందు ఇవన్నీ కొత్తగా నేర్చుకోవడం మంచిది కాదని నా ఉద్దేశం. ఎప్పుడైనా కొత్త చక్రాలు కొంటే, హుక్ (టైరు అంచుని పట్టి ఉంచే కొక్కెం) లేని రిమ్ములైతే మాత్రం 5 బార్, అంటే దాదాపు 72 పీఎస్‌ఐ దాటకూడదు, దానికి సరిపడే ట్యూబ్‌లెస్ టైరే వేయాలి. అక్కడ పొరపాటు చేస్తే టైరు ఊడిపోతుంది.

ఎదురుగాలి:

అందరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు.

చేతిపని గారూ, మీ అనుమానం నిజమే. పాత టైరు ఇంట్లోనే ఉంది. ట్యూబు పక్కన పెట్టి కొలిచి, దూదితో రుద్దితే నాలుగో నిమిషంలో పోగు చిక్కుకుంది. పట్టకారుతో లాగితే బయటపడింది, బియ్యపుగింజలో సగం లేదు. దీని కోసమా ఆ రాత్రి అంత అవస్థ పడ్డాను అనిపించింది.

ఫ్రేములో ఎంత ఖాళీ ఉందో కూడా కొలిచాను. స్కేలు దూరడం లేదని ఆలెన్ కీలు ఒక్కొక్కటే టైరుకీ బ్రేకు అడుగుకీ మధ్య దూర్చి చూశాను. ముందు 7 మిల్లీమీటర్ల కీ పడుతోంది, వెనక 6ది మాత్రమే. ఇప్పుడున్న 25 టైరు ఈ రిమ్ము మీద అసలు వెడల్పు 26 ఉంది. 28 వేస్తే కుదురుతుందా? ఇంకొకటి, ముందు టైరు ఇంకా బాగుంది, దాన్ని వెనకకి మార్చుకోవచ్చా?

పాతచక్రం:

28 కుదురుతుంది, 30 గురించి ఆలోచించకండి. టైరు చుట్టూ కనీసం 4 మిల్లీమీటర్లు వదలాలి, లేకపోతే తడి రోడ్డు మీద అంటుకొచ్చిన చిన్న రాయి ఇరుక్కుని చక్రం పట్టేస్తుంది. వేశాక మళ్లీ కీతో కొలవండి. రిమ్ బ్రేకుల మధ్య నుంచి గాలి నిండిన 28 పట్టకపోవచ్చు, కంగారుపడకండి, బ్రేకు మీది చిన్న లివర్ తెరిచి చక్రం ఎక్కించాక మర్చిపోకుండా మూసేయండి. బ్రేకు రబ్బరు టైరు పక్కగోడకి రాసుకుంటోందేమో ఒకసారి చక్రం తిప్పి కళ్లతో చూడండి. మంచి టైర్లు రెండు రైడ్లలో కోసుకుపోవడం నేను చూశాను, ప్రతిసారీ కారణం అదే.

మార్చడం గురించి: అరిగిన వెనక టైరుని ఎప్పుడూ ముందుకి తేకండి. ముందు టైరు జారినా పగిలినా సైకిల్‌ని నిలబెట్టుకోవడం దాదాపు అసాధ్యం. ఎప్పుడు మార్చినా ముందున్నది వెనకకి వెళ్లాలి, కొత్తది ముందుకి రావాలి. మీరు ఇప్పుడు ఎలాగూ వెడల్పు పెంచుతున్నారు కాబట్టి రెండూ కొత్తవే వేసి ఆ పాతది విడిగా దాచుకోండి.

ఎదురుగాలి:

ఐదు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. ముందు గ్రాండ్ ప్రీ 5000, వెనక 4 సీజన్, రెండూ 28. 85, 72తో మొదలుపెట్టి ఇప్పుడు వెనక 78, ముందు 66 దగ్గర ఆగాను. 63కి దించి చూస్తే దిగుడు మలుపులో ముందు చక్రం తేలిపోతున్నట్టు అనిపించింది, మళ్లీ పెంచాను. నిన్న 200 చేశాను. హ్యాండిల్ టేపు కూడా కాస్త మందంది చుట్టాను కాబట్టి మొత్తం పుణ్యం టైర్లదే అనలేను, కానీ 160 దగ్గర ఆగినప్పుడు చిటికెన వేలు గిల్లి చూసుకుంటే నొప్పి తెలిసింది. సగటు వేగం తగ్గలేదు, గంటకి అర కిలోమీటరు పెరిగింది కూడా, అది వెనక నుంచి వీచిన గాలి దయ కావచ్చు.

ఆగిన ప్రతిచోటా టైర్ల మీద అరచేయి తిప్పి చూస్తున్నాను. 110వ కిలోమీటరు దగ్గర వెనక టైరులో ఒక గాజు పలుకు దొరికింది, రబ్బరులో సగం దిగి ఉంది, పొర దాకా వెళ్లలేదు. పంచర్ లేదు.

రాత్రిబాట:

చాలా సంతోషంగా ఉందండీ. నా టైర్లు నేను మార్చను గానీ ముందు చక్రానికి గాలి మాత్రం 12 తగ్గించాను, తేడా నాకే తెలుస్తోంది.

600కి ఒక మాట. ట్యూబులు మూడు పెట్టుకోండి, కొత్తవైనా ఇంట్లో ఒకసారి గాలి కొట్టి రాత్రంతా ఉంచి చూసి సర్దుకోండి. పాత టైరు పక్కగోడ నుంచి అగ్గిపెట్టె అంత ముక్క కత్తిరించి అంచులు పల్చగా చెక్కి దాచుకోండి, టైరు కోసుకుపోతే లోపల ట్యూబుకీ టైరుకీ మధ్య అది పెడితే ఇంటిదాకా తెస్తుంది. ఉక్కు తీగ అంచు లేని, మడతపడే టైరు అయితే మీ పాత 25 కూడా మూడు మడతలు పెట్టి సీటు కింద కట్టేసుకోండి. బరువు పావు కిలో ఉంటుందేమో, రాత్రి రెండు గంటలప్పుడు దాని బరువు గుర్తుకే రాదు.